గుట్ట దగ్గర ఏం జరిగిందంటే

అడవి అంచున ఉన్న అతిథిగృహంలో అది ఆ కుటుంబానికి ఐదో రోజు. పొద్దున తొమ్మిదిన్నర అయింది. పదకొండేళ్ల అమ్మాయి స్నానాలగదిలో లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. తలుపు బయట తండ్రి.

"అది కాదు తల్లీ, నేను చెప్పేది పూర్తిగా విను ముందు."

"వింటూనే ఉన్నా నాన్నా. తలుపేసుకున్నా గానీ చెవులు మూసుకోలేదు."

"అయితే గడియ తీసి విను."

"తీయను."

"దేని మీద కూర్చున్నావు? బకెట్ బోర్లించుకుని కూర్చున్నావా? జారిపడతావు."

"కింద కూర్చున్నా."

"తడి నేల మీదా? ఇప్పుడిప్పుడే తమ్ముడికి జ్వరం దిగింది. ఇంక నువ్వు మొదలుపెట్టు. విమానంలో మీ అమ్మ ఒకర్నీ నేను ఒకర్నీ ఒళ్లో పడుకోబెట్టుకుని..."

"నేను ఒళ్లో పట్టను. పదకొండేళ్లు నాకు."

"పదకొండేళ్ల పిల్లవి చేసే పనేనా ఇది? నేను ఫోన్ కోసమని వాటర్ ట్యాంకు మెట్లెక్కి, అక్కడ ఒంటికాలి మీద నిలబడితే గానీ దొరకని సిగ్నల్ పట్టుకుని, ఆఫీసుకి రెండు మాటలు చెప్పి వచ్చేసరికి నువ్వు లోపల. అప్పట్నుంచీ కొట్టి కొట్టి నా వేళ్లు నొప్పెడుతున్నాయి."

"కొట్టకు మరి."

"సరే, కొట్టను. ఇదిగో, నేనూ కింద కూర్చున్నా, తలుపుకి ఆనుకుని. ఇప్పుడు ఇద్దరం సమానం. సరేనా?"

"సమానం కాదు. నువ్వు పొడి చోట కూర్చున్నావు."

"అబ్బ! నీ నోరు... అచ్చం మీ మేనత్త నోరు. ఇదిగో చూడు, పదింటికల్లా ఆ అడవి ఆఫీసరు వస్తాడు. పదకొండింటికి మన కారు. మధ్యలో నువ్వు చెప్పాల్సింది రెండే రెండు ముక్కలు. చెప్పేస్తే అయిపోయింది. రేపీపాటికి మనింట్లో, నీ మంచం మీద నువ్వుంటావు."

"నేనింకేం చెప్పను నాన్నా."

"అదిగో, మళ్లీ అదే మాట."

"ఆయన ముందుకి నేను రాను. ఆయనతో జీపు మామ కూడా ఉంటాడు. మామ మొహం నేను చూడలేను."

"వాడు మామేంటి? ఐదు రోజుల పరిచయానికి వరసలొకటా? డ్రైవరు. జీపు తోలతాడు, జీతం పుచ్చుకుంటాడు. అంతే."

"మొన్న నువ్వేగా అన్నావు, ఆ పిట్ట పేరేంటో మీ జీపు మామని అడుగు అని."

"అన్నాను. అప్పుడన్నాను."

"అప్పుడు మామ. ఇప్పుడు వాడు."

"మాటకి మాట అంటించకు తల్లీ. ఈ ప్రయాణంలో నీకేం తక్కువ చేశాను చెప్పు. నీ వయసులో నేను ఏనుగుని పుస్తకంలో చూశాను. అదీ పక్కవాడి పుస్తకంలో, వాడు మూడ్ బాగుండి చూపిస్తే. నువ్వు మొదటిరోజే పదిహేడు ఏనుగుల్ని చూశావు."

"పంతొమ్మిది."

"పదిహేడే. నేను లెక్కపెట్టాను."

"రెండు గున్నలు పెద్దవాటి కాళ్ల మధ్యలో నడిచాయి. నువ్వు కాళ్లు చూడలేదు, తొండాలు చూశావు. మామ చూపించాడు నాకు."

"సరే, పంతొమ్మిది. మరి పడవ? మొసలిని చూసి తమ్ముడు ‘దుంగకి పళ్లొచ్చాయి’ అని అరిచాడే!"

"అమ్మ పడవాయన మెడ పట్టుకుంది."

"పట్టుకుని వదల్లేదు. పాపం ఆయన మెడ అలాగే వంకరగా పెట్టుకుని ఒడ్డుదాకా నడిపాడు. నువ్వు పొలమారేదాకా నవ్వావు. అవునా, కాదా?"

"నవ్వాను."

"నీటిపిల్లులు? ఒక్క చేప కోసం నాలుగు కొట్టుకుంటుంటే అయిదోది వచ్చి తాపీగా నోట కరుచుకుపోయింది. అప్పుడు నేనేమన్నాను?"

"అచ్చం మన అపార్ట్‌మెంట్ మీటింగులా ఉందన్నావు."

"చూశావా, నవ్వొచ్చింది నీకు. వినిపించింది నాకు."

"రాలేదు. ముక్కు చీదాను. నాన్నా, అన్నీ బాగున్నాయి. నిన్న పొద్దుటిదాకా అన్నీ బాగున్నాయి."

"నిన్నటి సంగతి వదిలెయ్. బడిలో నువ్వు చెప్పుకోవడానికి ఏనుగులున్నాయి, మొసళ్లున్నాయి..."

"నిన్నటి సంగతే కదా ఆఫీసరు అడిగేది?"

"అందుకే, రెండు ముక్కల్లో తేల్చెయ్యమంటున్నా. మొదటిది, డ్రైవరు తనంతట తనే జీపుని దారిలోంచి పక్కకి దింపి గుట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. రెండోది, వాడే మనల్ని దిగమన్నాడు. అయిపోయింది."

"మూడో ముక్క కూడా ఉందిగా."

"అది... అడిగితేనే చెప్పు. అడక్కపోతే వద్దు."

"మొదటి ముక్కే అబద్ధం నాన్నా."

"మెల్లగా మాట్లాడు."

"మూడో రోజు తెల్లారగట్ల మనిద్దరమే వెళ్లాం. తమ్ముడికి జ్వరమని అమ్మ ఉండిపోయింది. మామ రాళ్లగుట్టకి ఎంతో దూరంలో జీపు ఆపాడు. ఇంజన్ కూడా ఆపేశాడు. తన దుర్భిణి నా కళ్లకి పెట్టాడు. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత రాళ్ల మధ్యలో ఒక చెవి కనబడింది. ఆ పక్కనే ఇంకో చెవి. చిరుతపులి కూనలు, రెండు. ఒకటి ఆవలించింది, దాని నాలుక కూడా కనబడింది. నేను నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నా, గుర్తుందా?"

"గుర్తుంది తల్లీ."

"మామ వేలు పెదాల మీద పెట్టుకుని, ‘ఇది మన ముగ్గురికే తెలియాలి. మనుషులు దగ్గరికొస్తే తల్లి భయపడి కూనల్ని చోటు మారుస్తుంది, ఆ హడావుడిలో ఒకటి తప్పిపోతుంది’ అన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చెప్పాడు. నేను ఒట్టేశాను. నువ్వూ తలూపావు."

"ఊపాను."

"నిన్న ఏం చేశావు మరి?"

"నిన్న... నేనేం చేశాను? ఒకసారి అడిగి చూశాను. అంతే."

"మామతో ఏం చెప్పి అడిగావు?"

"అదంతా ఇప్పుడెందుకు?"

"పాప ఎడతెరిపి లేకుండా ఏడుస్తోంది, కూనల్ని దగ్గర్నుంచి చూపిస్తే గానీ అన్నం ముట్టనని మొండికేసింది అన్నావు. జీపెక్కగానే మామ నన్నడిగాడు, ‘ఎందుకమ్మా ఏడ్చావు’ అని. నేను ఏడవలేదు. నేను ముందురోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. నీ వైపు చూశాను. నువ్వు కన్నుకొట్టావు."

"ఏదో సరదాకి..."

"అందుకని అవును, ఏడ్చాను అన్నాను. మామ పాపం చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, పాప కోసం ఒక్కసారి, అని జీపు తిప్పాడు. అంటే నా మూలంగా తిప్పాడు. నేను చెప్పిన అబద్ధం మూలంగా."

"నీ మూలంగా కాదు. అలా అనుకోకు. అసలు నీ సంతోషం కోసమే కదా నేను..."

"నేనడిగానా?"

"పిల్లలు అడగరు. తండ్రులకి తెలుస్తుంది."

"మామ జీపులోంచి దిగొద్దన్నాడు. రెండు చేతులూ అడ్డం పెట్టి మరీ అన్నాడు. నువ్వు దిగావు. నన్నూ దిగమన్నావు. ఫోటోలో ముందు నేను, వెనకాల కూనలు పడాలని. నేను మామ మొహం చూస్తుంటే నువ్వు చెయ్యి పట్టుకుని..."

"ఉష్, ఆగు. మీ అమ్మ వస్తోంది."

"ఏమండీ, ఇది ఇంకా బయటికి రాలేదా?"

"వస్తుందిలే. నేను మాట్లాడుతున్నా. నువ్వెళ్లి చంటాడి సంగతి చూడు."

"వాడు భోజనాల గదిలో ఎవరో పెద్దావిడ ఒళ్లో ఎక్కి కూర్చున్నాడు. జ్వరం మందు సీసా కోసం వచ్చాను, ఒక్క చుక్క వేసేస్తే ప్రయాణంలో గొడవుండదు. జరగండి కాస్త. బంగారూ, నేనే, అమ్మని. కడుపు నొప్పా?"

"కాదమ్మా."

"భయమేస్తోందా? ఆ ఆఫీసరు నిన్నేమీ అనడమ్మా. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు. నిన్న సంగతి విన్న దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. ఎంత అమాయకంగా ఉండేవాడు ఆ డ్రైవరు! పాపకి పిట్టలు చూపిస్తున్నాడు, మంచివాడు అనుకున్నా. పసిపిల్లని తీసుకెళ్లి చిరుత గుహ ముందు దింపుతాడా? కూనని పట్టుకుని ఎవరికో అమ్ముకోవడానికి మిమ్మల్ని అడ్డం పెట్టుకుంటాడా?"

"ఇప్పుడవన్నీ దేనికి? దాన్ని ఇంకా బెదరగొట్టడానికా?"

"బెదరగొట్టడం కాదండీ. మీ నాన్నని చూడు బంగారూ, నిన్నటినుంచీ తన చేతులే చూసుకుంటున్నాడు. పోసిన కాఫీ కూడా తాగలేదు. నిన్ను ఎత్తుకుని పరిగెత్తిన చేతులమ్మా అవి. ఆయనే గనక లేకపోతే నేను ఇవాళ... వద్దులే, అనకూడదు. వింటున్నావా?"

"వింటున్నా."

"నాన్న ఎత్తుకున్నాడు కాబట్టే నువ్వున్నావు. అవునా? బంగారూ, అవునా?"

"అవునమ్మా."

"మరింకేం? ఆ మాటే ధైర్యంగా చెప్పు. మొహం కడుక్కుని రా. ఏమండీ, వాళ్లు వచ్చే వేళయింది, పెట్టెలకి తాళాలు వేశారా?"

"వేశాను. నువ్వెళ్లు."

"వెళ్తున్నా. మీరూ కాస్త మంచినీళ్లు తాగండి, మొహం చూడండి ఎలా ఉందో."

"నాన్నా, అమ్మ వెళ్లిపోయిందా?"

"వెళ్లింది. థాంక్స్ తల్లీ."

"దేనికి?"

"అదే, అమ్మతో అలా అన్నందుకు."

"ఏమన్నాను?"

"అదేలే."

"ఏమన్నానో నువ్వు చెప్పు నాన్నా."

"ఎందుకు నన్నిలా నిలబెట్టి అడుగుతావు? నువ్వు నా కూతురివా, లాయరువా?"

"మామ కూనని అమ్ముకోబోయాడని అమ్మకెవరు చెప్పారు? నేను నీ కాగితం చదివాను. నిన్న సాయంత్రం ఆఫీసరుకి రాసిచ్చిన కాగితం. ఇచ్చేముందు బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లావు చూడు, అప్పుడు."

"పెద్దవాళ్ల కాగితాలు చదవకూడదని తెలీదా?"

"నువ్వు ఇంట్లో ఏమంటావు నాన్నా? తగలబడిన షాపులు చూసొచ్చీ, గుద్దుకున్న లారీలు చూసొచ్చీ, అన్నం తింటూ ఏమంటావు?"

"ఏమంటాను?"

"‘పాతికేళ్లుగా బీమా కంపెనీ తరఫున ప్రమాదాలు చూస్తున్నా, అబద్ధం రాసిన కాగితం చేతిలోకి రాగానే తెలిసిపోతుంది నాకు. మరీ శుభ్రంగా ఉంటుంది. నిజం రాసినవాడు కొట్టేసి కొట్టేసి రాస్తాడు’ అంటావు. నీ కాగితంలో ఒక్క కొట్టివేత లేదు నాన్నా."

"చిన్నపిల్లవి, నీకు తెలీదు. ఇది మన ఊరు కాదు. పరాయి దేశం. తప్పు మనదని తేలితే పాస్‌పోర్టులు తీసుకుంటారు. ఎన్నాళ్లో తెలీదు. వారమా, నెలా? మీ బడి, అమ్మ ఉద్యోగం, నా ఉద్యోగం... ఎవరు చూస్తారు ఇక్కడ మనల్ని? అదే వాడికనుకో, వాడి ఊరు, వాడి మనుషులు. నాలుగు రోజులు తిట్టుకుంటారు. తర్వాత ఇంకో జీపెక్కుతాడు."

"ఎక్కడు. కూనని పట్టుకోబోయాడంటే జన్మలో మళ్లీ అడవిలోకి రానివ్వరు. పద్దెనిమిదేళ్లయిందంట మామ ఈ పనిలోకి వచ్చి. నాకు అడవి తప్ప ఏదీ తెలీదు, పట్నంలో రోడ్డు దాటడం కూడా రాదు అని నవ్వాడు మొదటిరోజు. నువ్వూ నవ్వావు."

"నవ్వాననుకో..."

"ఆ కూన ఇప్పుడెక్కడుందో తెలుసా? తల్లి ఒకదాన్నే నోట కరుచుకుపోయింది. రెండోది రాళ్లలో అరుస్తూ ఉండిపోతే అడవి ఆఫీసు వాళ్లు తెచ్చి అట్టపెట్టెలో పెట్టారు. సీసాతో పాలు పడుతుంటే తాగట్లేదంట. మూతి తిప్పేసుకుంటోందంట."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. నాన్నా, నేనొకటి అడుగుతా. చెబుతావా?"

"అడుగు."

"నువ్వు నన్ను ఎప్పుడెత్తుకున్నావు?"

"అంతా రెప్పపాటులో జరిగిపోయింది తల్లీ. ఎవరెక్కడున్నారో, ఎవరేం చేశారో, అప్పుడు ఎవరికీ..."

"నాకు తెలుసు ఎవరెక్కడున్నారో. నువ్వు గుట్ట వైపు నాలుగడుగులు ముందున్నావు, ఫోను పైకెత్తి. నేను నీ వెనకున్నా. మామ జీపు దగ్గర, వెనక్కి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. రాయి మీదికి అది వచ్చింది. ముందు చప్పుడు చెయ్యలేదు. తోక ఒక్కటే కదిలింది. తర్వాత పళ్లు చూపించింది. నువ్వు ఇటు తిరిగావు. నన్ను చూశావు."

"చాలు."

"నా కళ్లలోకి చూశావు నాన్నా. నేను చేతులు చాపాను. చిన్నప్పుడు చాపినట్టు."

"చాలు తల్లీ. ఇంక చెప్పకు."

"నన్ను దాటుకుని పరిగెత్తావు. నీ మోచెయ్యి తగిలి పడిపోయాను. తర్వాత జీపు తలుపు చప్పుడు వినబడింది."

"నువ్వు నా వెనకే వస్తున్నావనుకున్నా! నిజం. నా వెనకే ఉన్నావనుకున్నా."

"వెనకే వస్తున్నాననుకుంటే తలుపెందుకు వేశావు? చెప్పు. ఎందుకు వేశావు నాన్నా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు. నిజంగా తెలీదు. నా చెయ్యే వేసింది. అది నా చెయ్యేనా అని నిన్నటినుంచీ చూసుకుంటున్నా. తలుపేశాక అద్దంలోంచి చూస్తే నువ్వు కింద... నేను తలుపు తీద్దామనుకున్నా. వేళ్లు రాలేదు. నువ్వు నమ్మవు. వేళ్లు రాలేదు తల్లీ."

"మామ నా మీద బోర్లా పడుకున్నాడు. మొత్తం కప్పేశాడు నన్ను. దాని పంజా ఆయన భుజంలో దిగినప్పుడు నాక్కూడా కుదుపు తెలిసింది. ఆయన అరవలేదు. నా చెవిలో ఏదో అంటూనే ఉన్నాడు, వాళ్ల భాషలో. నాకర్థం కాలేదు. కానీ తమ్ముడు ఏడుస్తుంటే అమ్మ అంటుందే, ఏం లేదు, ఏం లేదు అని, అలాగే ఉంది... నాన్నా, ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావు. వినబడుతోంది."

"మనం తిరిగొచ్చాక మీ అమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది. నీ ఒంటి మీద నెత్తురు చూసి కెవ్వుమంది. వాడి నెత్తురు అది. నేను నోరు తెరిచేలోపే తనే అడిగింది, ‘మీరెత్తుకొచ్చారా, మీరెత్తుకొచ్చారా’ అని. నేను అవునన్నాను. ఆ ఒక్క అవునే అన్నది. ఆ తర్వాతవి నేను చెప్పలేదు, వాటంతటవే వచ్చాయి. నేను నిన్నెత్తుకుంటే వాడు ఏం చేస్తున్నట్టు? వాడికి దెబ్బెలా తగిలినట్టు? మరి దేనికో ఒకదానికి గుహ దగ్గరికి పోయి ఉండాలి కదా. కూనని పట్టుకోబోయాడని రాశాను. అది రాస్తే, అసలు జీపు తిప్పింది కూడా అందుకేనని రాయాల్సొచ్చింది. ఒకదానికి ఒకటి ఆనించి నిలబెట్టాను. నా ఉద్యోగమే అది కదా! అలాంటి కాగితాలు ఎన్ని పట్టుకున్నాను..."

"పాస్‌పోర్టుల కోసం కాదన్నమాట."

"అవీ ఉన్నాయి. కానీ ముందు... మీ అమ్మ ముందు, నీ ముందు. నేను తలుపేసుకున్నవాణ్ణని మీకు తెలియకూడదని."

"నాకు ముందే తెలుసుగా."

"నీకు తెలుసని నాకు తెలుసు. నువ్వు అవునంటే అది లేనట్టే అయిపోతుందనుకున్నా. పిచ్చి."

"నాన్నా..."

"గడియ తీయకు, నువ్వక్కడే ఉండు. మొహం కనబడితే నేను చెప్పలేను. విను. నువ్వు ఆఫీసరు ముందుకి రానక్కర్లేదు. ఒక్క ముక్క చెప్పనక్కర్లేదు. నేనే చెబుతా. నేనడిగాను కాబట్టి జీపు తిప్పాడు, వద్దన్నా నేను దిగాను, పాపని వాడు కాపాడాడు, నేను కాదు. ఆ కాగితం వెనక్కి తీసుకుని ఇంకోటి రాస్తా, ఎన్ని కొట్టివేతలు పడితే అన్ని. పాస్‌పోర్టులు పట్టుకుపోతే పట్టుకుపోనీ. కారు వెనక్కి పంపించేద్దాం."

"అమ్మకి?"

"ముందు అమ్మకే. ఆఫీసరుకి చెప్పడం తేలిక. మీ అమ్మకి... ఏం చేస్తాం, చెప్పాలి. భోజనాల గదిలోనే ఉంది. ఇప్పుడే వెళ్లి చెబుతా."

"ఇప్పుడెందుకు చెబుతానంటున్నావు నాన్నా? నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నిన్న నువ్వు తలుపేసుకోలేదు కదా. నేను చెప్పమన్న అబద్ధం చెప్పనని, ఇంతసేపూ ఆ తడి నేల మీద కూర్చున్నావు. నలభై నాలుగేళ్ల గాడిదని నేను. నాలో సగం లేవు, నాకంటే నువ్వే..."

"అలా అనకు."

"అననీ. నా పిల్ల నాలా పుట్టలేదు. అదొక్కటే చాలు నాకు. గర్వంగా ఉంది తల్లీ..."

"అనకు నాన్నా. అనొద్దు అంటున్నానా!"

"ఎందుకలా అరుస్తావు? సరే, అనను. అననులే. గడియ చప్పుడైంది... తీశావా?"

"తీశాను."

"రా. అయ్యో, ఏంటి తల్లీ ఆ మొహం, కళ్లు అంత వాచిపోయేదాకానా! పరికిణీ అంతా తడిసిపోయింది. రా, నా కండువా కప్పుకో. వరండాలో కూర్చుందాం, నేనూ నువ్వూ. ఆయన రాగానే నేనే లేచి ఎదురెళ్లి..."

"ఆయన రారు నాన్నా."

"వస్తాడమ్మా, పదింటికన్నాడు. ఇంకా పది నిమిషాలుంది."

"వచ్చి వెళ్లిపోయారు. నువ్వు ట్యాంకు మీద ఫోన్లో ఉన్నప్పుడు."

"ఏంటి?"

"వేరే పనుందని తొందరగా వచ్చేశారంట. నేను వరండా మెట్ల మీద ఒక్కదాన్నే ఉన్నా. పెద్దవాళ్లు లేకపోయినా పర్లేదు, పిల్లలే నిజం చెబుతారు అన్నారు. నీ కాగితం తీసి ఒక్కొక్క లైనూ చదువుతూ, అవునా, అవునా అని అడిగారు."

"నువ్వు... ఏమన్నావు?"

"అన్నిటికీ అవునన్నాను. చివర్లో నిన్నెవరు కాపాడారని అడిగారు. మా నాన్న ఎత్తుకుని పరిగెత్తాడన్నాను. నా నోటితో చెబితే, నిజంగా ఎత్తుకున్నట్టే ఉంటుందేమో అనిపించింది నాన్నా."

"మరి మామ? మామ లేడుగా అక్కడ?"

"ఉన్నాడు, ఆయన పక్కనే, కుడి భుజం నిండా కట్టుతో. ‘అబద్ధం ఆడుతోంది’ అని మామ అరుస్తాడనుకున్నా, అరిస్తే బావుండునని చూశా... మామ నా తల మీద చెయ్యేసి, తన వచ్చీరాని ఇంగ్లీషులోనే, ‘పసిపిల్ల, దాన్నింక ఏమీ అడక్కండి, అది చెప్పిందే నిజం’ అని, పెన్ను అడిగి తీసుకుని ఎడమచేత్తో సంతకం పెట్టేశాడు."